‘రిసీవల్’ ఎందుకు కాదు సార్?

దేవరకొండ వైపు ఒక సర్కారు బడిలో తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెప్తాను. మొన్న బోర్డు మీద ఎడమ పక్క క్రియలు, కుడి పక్క వాటి నామవాచక రూపాలు రాస్తున్నాను. అరైవ్ – అరైవల్. సర్వైవ్ – సర్వైవల్. మూడోది రిసీవ్. ఎవరు చెప్తారు అని అడిగితే రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి ‘రిసీవల్’ అంది. కాదన్నాను. ఆ అమ్మాయి కూర్చోలేదు.

“గట్లెందుకు సార్? మూడింటి చివర ‘వ్’ ఒక్కతీరే ఉంది కదా? మీరు చెప్పిన పద్ధతే పట్టుకున్న.”

ఆమె ఆలోచనలో తప్పేమీ లేదు. రెండు ఉదాహరణలు చూసి మూడోది ఊహించడమే కదా భాష నేర్చుకోవడం అంటే. కానీ ఇంగ్లిష్‌లో ఆ ఊహ దెబ్బ తింటుంది. అదే ‘వ్’తో ముగిసే క్రియలను ఇంకొన్ని తీసుకుంటే దారులు ఇంకా చీలతాయి. బిలీవ్‌కు బిలీఫ్. అచీవ్‌కు అచీవ్‌మెంట్. గివ్‌కు గిఫ్ట్. డ్రైవ్‌కు డ్రైవే. రిసీవ్‌కైతే రిసెప్షన్ ఒకటి, రిసీట్ ఇంకొకటి. ఒకే పోలిక ఉన్న అన్నదమ్ములు తలా ఒక ఊళ్ళో స్థిరపడ్డట్టు ఉంటుంది.

2022-23 విద్యా సంవత్సరం నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇది ఒక్క ఇంగ్లిష్ పేపర్‌కు సంబంధించిన సంగతి కాకుండా పోయింది. సైన్సులో అబ్జార్బ్ అని ఒక వాక్యంలో చదివిన పిల్లలు తర్వాతి వాక్యంలో అబ్జార్ప్షన్ చూసి అది వేరే పదం అనుకుంటున్నారు. అందుకే ఆ అమ్మాయి ప్రశ్నకు బెల్ కొట్టేలోపు చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన దగ్గర నుంచే మొదలుపెడదాం. మన మాటలో ప్రతి క్రియకూ సులువుగా దొరికే నామవాచక రూపం ఒకటుంది. పుస్తకాల్లో అది ‘రావడం, తినడం, కోయడం’. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ‘వచ్చుడు, తినుడు, కోసుడు’. ఏ క్రియ ఇచ్చినా ‘ఉడు’ తగిలిస్తే పని అయిపోతుంది. దీనికి ఏ నిఘంటువూ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ‘ఇంగ్’ ఇలాంటిదే. ఈటింగ్, కమింగ్, రిసీవింగ్, డిసైడింగ్. కెన్, మస్ట్ లాంటి సహాయక క్రియలను వదిలేస్తే ఇది అంటని క్రియ లేదు.

అయితే ఈ సులువు రూపం పక్కనే మన భాషలో ఇంకో రకం ఉంది. తినుడు పక్కన తిండి. వచ్చుడు పక్కన రాక. కోసుడు పక్కన కోత. గెలుచుడు పక్కన గెలుపు. వీటిని ఎవరూ సూత్రం పెట్టి తయారు చేసుకోరు, ఒక్కొక్కటి విని గుర్తుపెట్టుకున్నవే. పిలుచుకు పిలుపు, గెలుచుకు గెలుపు, అరుచుకు అరుపు అని చెప్పుకుంటూ పోయిన పరాయి భాషవాడు నడుచుకు ‘నడుపు’ అంటే మనం నవ్వుతాం. అది నడక. నడుపు అప్పటికే బండి నడిపే పనిలో ఉంది. కొలతలు తీసే కొలుచుకు ‘కొలుపు’ అన్నా తప్పే, అది కొలత. ఆ పరాయివాడి తప్పు, మా తరగతి అమ్మాయి ‘రిసీవల్’ రెండూ ఒకటే.

ఈ రెండు రకాల తేడా పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. “మనం గెలుచుడు ఖాయం” అంటాం. “మన గెలుపు ఖాయం” అంటాం. గెలుచుడు ముందు ‘మనం’ వచ్చింది, గెలుపు ముందు ‘మన’ వచ్చింది. “పెద్ద గెలుపు” అంటాం, “పెద్ద గెలుచుడు” అనం. “తొందరగా కోసుడు” అంటాం, “తొందర కోత” అంటాం. అంటే గెలుచుడు, కోసుడు పేరుకు నామవాచకాలే అయినా వాటి ఒంట్లో క్రియ రక్తం ఇంకా పారుతోంది. గెలుపు, కోత మాత్రం పూర్తిగా నామవాచకాలు అయిపోయాయి. ఇంగ్లిష్‌లోనూ ఇంతే. డిసైడింగ్‌ను వివరించాలంటే క్విక్లీ కావాలి, డిసిజన్‌ను వివరించాలంటే క్విక్ చాలు. ఇంగ్లిష్ పేపర్‌లో ఖాళీ ముందు విశేషణం కనబడితే అక్కడ ఎక్కువసార్లు ‘ఇంగ్’ పొసగదు, ఆ పదానికి సొంతంగా ఉన్న నామవాచకమే కావాలి. పిల్లలకు వ్యాకరణం పేర్లు చెప్పి ఏడిపించే బదులు “ఇక్కడ గెలుచుడు సరిపోతదా, గెలుపు సరిపోతదా?” అని అడుగుతాను. టక్కున చెప్తారు.

ఇప్పుడు ఆ సొంత రూపాల్లోకి వెళ్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బిలీవ్ – బిలీఫ్ రకం. ప్రూవ్ – ప్రూఫ్, రిలీవ్ – రిలీఫ్, లివ్ – లైఫ్. అడ్వైజ్ అని జ్‌తో పలికితే క్రియ, అడ్వైస్ అని స్‌తో పలికితే నామవాచకం. యూజ్ – యూస్ కూడా అంతే, రాతలో ఒకటే, నోట్లో రెండు. హౌస్ అంటే ఇల్లు, హౌజ్ అంటే చోటివ్వడం. గొంతు మోగే ధ్వని క్రియలో ఉంది, మోగని ధ్వని నామవాచకంలో ఉంది.

ఇది మనకు తెలియంది కాదు. ఆడు – ఆట. పాడు – పాట. పండు – పంట. వండు – వంట. మండు – మంట. ఈదు – ఈత. క్రియలో డ, ద ఉంటే నామవాచకంలో ట, త అయ్యాయి. మన పాత వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే సరళం పోయి పరుషం వచ్చింది. ఇంగ్లిష్‌కూ తెలుగుకూ చుట్టరికం లేదు, ఈ మార్పుకు కారణాలు రెండు చోట్లా వేరు. పాత ఇంగ్లిష్‌లో క్రియల చివర అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం ఉండేది. రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న స్ మెత్తబడి జ్ అయింది, ఫ్ మెత్తబడి వ్ అయింది. తర్వాత ఆ ప్రత్యయం రాలిపోయినా మెత్తదనం మిగిలింది. హౌస్ – హౌజ్ కథ ఇదే. ఫ్రెంచ్ నుంచి వచ్చిన ప్రూవ్, అడ్వైజ్ లాంటివి కూడా ఈ మూసలోనే ఒదిగాయి. కారణం ఏదైనా కానీ, ఆడు–ఆట తెలిసిన పిల్లకు బిలీవ్–బిలీఫ్ కొత్త విద్యలా కనిపించాల్సిన పని లేదు. ఈ రెండు జతలను పక్కపక్కన రాసి చూపించిన రోజు క్లాసులో వెనక బెంచీ పిల్లలు సైతం జతలు వెతకడం మొదలుపెట్టారు. కోయు–కోత, మేయు–మేత, నేయు–నేత, పూయు–పూత, కాయు–కాత అని వాళ్ళే ఒక వరుస కనిపెట్టారు. నేత, కాత, కోత అన్నీ వాళ్ళ ఇళ్ళల్లో రోజూ వినేవే.

ఇంక రిసీవ్ దగ్గరికి వద్దాం. దీనికి మన పాలమూరు చరిత్ర సాయం చేస్తుంది.

నిజాం కాలంలో మన కచేరీల, అంటే సర్కారు ఆఫీసుల, భాష ముందు ఫార్సీ, తర్వాత ఉర్దూ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదనే పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. ఆ కచేరీల నుంచి మన నోటికి వచ్చిన పదాలు చూడండి: దర్ఖాస్తు, రసీదు, ఖరీదు, బందోబస్తు, ఆమ్దానీ. ఫార్సీలో వీటి వెనక క్రియలున్నాయి. ఖరీదు వెనక ‘కొను’ అనే క్రియ ఉంది, ఆమ్దానీ వెనక ‘వచ్చు’ ఉంది, దర్ఖాస్తు వెనక ‘కోరు’ ఉంది. మనం ఆ క్రియలను తెచ్చుకోలేదు. నామవాచకాలనే తెచ్చుకుని మన ‘పెట్టు, చేయు, ఇచ్చు’ తగిలించుకున్నాం. దర్ఖాస్తు పెట్టిన, రసీదు ఇచ్చిండు. పుట్టుక, చావు, తిండి ఇంటి మాటలుగా ఉండిపోయాయి, కాగితం మీది మాటలు కచేరీ నుంచి వచ్చాయి.

ఇంగ్లండ్‌లో జరిగింది ఇలాంటిదే. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి విలియం అనే ప్రభువు వచ్చి హేస్టింగ్స్ దగ్గర గెలిచాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళ పాటు దొరల భాష, కోర్టుల భాష ఫ్రెంచే. కోర్టు వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని 1362లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చట్టాన్ని రాసింది కూడా ఫ్రెంచ్‌లోనే. అందుకే ఇంగ్లిష్‌లో డెత్, థాట్, సైట్, వెయిట్, స్పీచ్, లాఫ్టర్ లాంటివి ఇంటి పదాలు. వాటి రూపాలు పాతవి, వంకరటింకరవి, సూత్రానికి లొంగనివి. పేమెంట్, అగ్రిమెంట్, జడ్జిమెంట్, రిఫ్యూజల్, అలవెన్స్ లాంటివి ఫ్రెంచ్ ముద్ర ఉన్న తోకలు తగిలించుకున్నవి. డై అనే క్రియకు డెత్ ఎందుకొచ్చిందో, డిపార్ట్‌కు డిపార్చర్ ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ముందు అడగాల్సింది ఆ పదం ఇంట్లో పుట్టిందా, దొరల వెంట వచ్చిందా అని. పెళ్ళి ఇంట్లో జరిగేదే అయినా మ్యారేజ్ మాత్రం ఫ్రెంచ్ పదం, కాబట్టి ఈ గీతను మరీ గట్టిగా గీయకూడదు.

అరైవ్ ఫ్రెంచ్ దారిలో వచ్చింది. దాని లాటిన్ మూలంలో ‘తీరం’ ఉంది. ఒడ్డుకు చేరడం దాని మొదటి అర్థం. దానికి ‘అల్’ తోక పట్టింది. ఈ తోకకు ఒక అలవాటు ఉంది: ఊనిక, అంటే పలికేటప్పుడు పెట్టే బరువు, చివరి అక్షరం మీద పడే క్రియలకే ఇది అంటుకుంటుంది. అరైవల్, సర్వైవల్, రిఫ్యూజల్, అప్రూవల్, రిమూవల్, ప్రపోజల్, రెన్యువల్, డినయల్. పలికి చూడండి, క్రియ చివరనే బరువు పడుతుంది. బరియల్ ఒక్కటి ఈ వరుసకు చెందదు, అది పాత ఇంగ్లిష్‌లో వేరే రూపం నుంచి వచ్చి ఈ గుంపులో కలిసిపోయింది.

రిసీవ్‌లో కూడా ఊనిక చివరనే పడుతుంది. మరి రిసీవల్ ఎందుకు నిలవలేదు? ఎందుకంటే ఆ కుర్చీ ఖాళీగా లేదు. రిసీవ్ మూలం లాటిన్‌లో ‘పట్టుకొను’ అనే క్రియ. ఆ క్రియకు జరిగిపోయిన పనిని చెప్పే రూపంలో ప్, త్ కలిసి ఉండేవి. ఆ ప్త్ నుంచే రిసెప్షన్ వచ్చింది. డిసీవ్‌కు డిసెప్షన్, పర్సీవ్‌కు పర్సెప్షన్, కన్సీవ్‌కు కన్సెప్షన్ కూడా అదే దారిలో వచ్చాయి. ‘సీవ్’ అని ముగిస్తే ‘సెప్షన్’ అని ఒకేసారి నాలుగు పదాలు నేర్చుకోవచ్చు. రిసీట్‌లో పలకని ‘పి’ ఒకటి కూర్చుని ఉంటుంది చూడండి, అది ఆ లాటిన్ ప్త్ జ్ఞాపకమే. పండితులు లాటిన్‌ను గుర్తుచేసుకుంటూ దాన్ని రాతలో నిలబెట్టారు. అదే ఇంటి పిల్లలైన డిసీట్, కన్సీట్‌లకు మాత్రం నిలబెట్టలేదు. స్పెల్లింగ్‌లో ఇది పిల్లలకు చేసిన అన్యాయమే అని నేను నిజంగా అనుకుంటాను.

ఇక్కడ నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. మనం రిసీట్‌ను రసీదు అంటాం. వినడానికి ఒకేలా ఉన్నా ఆ రెండూ ఒకటి కాదు. ఫార్సీలో ‘రసీద్’ అంటే ‘చేరింది’. రిసీట్ వెనక పుచ్చుకున్నవాడు ఉన్నాడు, రసీదు వెనక చేరిన సొమ్ము ఉంది. ఇంగ్లిష్‌లో అరైవ్ చేయాల్సిన పనిని ఫార్సీ రసీదు చేస్తోంది. బోర్డు మీద మొదటి క్రియ, మూడో క్రియ మన ఊరి కచేరీలో ఒకే కాగితం మీద కలిశాయన్నమాట.

లాటిన్ దారిలో వచ్చినవి చూడ్డానికి భయపెడతాయి కానీ అందరికన్నా క్రమశిక్షణ ఉన్నవి ఇవే. పైగా వీటిలో సగం మనకు క్రియ తెలియకముందే తెలుసు. కొలువుల నోటిఫికేషన్ పడిందా అని అడగని ఊరు మన జిల్లాల్లో లేదు. నోటిఫై అనే క్రియను ఎవరూ పలకరు. నోటిఫై–నోటిఫికేషన్ తెలిస్తే క్వాలిఫై, వెరిఫై, క్లారిఫై అన్నీ అదే బాట. అడ్మిట్–అడ్మిషన్ తెలిస్తే పర్మిట్, సబ్మిట్, ట్రాన్స్‌మిట్ వచ్చినట్టే. డ్‌తో ముగిసేవి స్ వైపు మళ్ళుతాయి: డిసైడ్–డిసిజన్, డివైడ్–డివిజన్, ఎక్స్‌ప్లోడ్–ఎక్స్‌ప్లోజన్. ‘జన్’ అని వినిపిస్తే స్పెల్లింగ్ ఎస్-ఐ-ఓ-ఎన్ అని దాదాపు కళ్ళు మూసుకుని రాయొచ్చు. డివిజన్, టెలివిజన్ అని మనం ఎలాగూ ‘జ’తోనే పలుకుతాం. డిస్క్రైబ్‌కు డిస్క్రిప్షన్, అబ్జార్బ్‌కు అబ్జార్ప్షన్ అయ్యేటప్పుడు బ్ పోయి ప్ వస్తుంది. మళ్ళీ సరళం పోయి పరుషమే.

టెన్షన్ అనే మాట మనకు తెలుగే అయిపోయింది. దాని చుట్టాలను చూస్తే స్పెల్లింగ్ తికమక ఒకటి తీరుతుంది. ఎక్స్‌టెండ్‌కు ఎక్స్‌టెన్షన్‌లో ఎస్ రాస్తాం, అటెండ్‌కు అటెన్షన్‌లో టి రాస్తాం. రెండు క్రియలకూ మూలం ‘సాచు, లాగు’ అనే అర్థమున్న ఒకే లాటిన్ క్రియ. ఆ క్రియకే లాటిన్‌లో రెండు రూపాలు ఉండేవి, ఒకదాంట్లో స్, ఒకదాంట్లో త్. ఒక చుట్టం ఒకదాన్ని పట్టుకుంది, ఇంకొకటి రెండోదాన్ని పట్టుకుంది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఎక్స్‌ప్లెయిన్‌కు ఎక్స్‌ప్లనేషన్, ప్రొనౌన్స్‌కు ప్రొనన్సియేషన్, మెయింటెయిన్‌కు మెయింటెనెన్స్. ఇక్కడ నడుమ అచ్చు కుంచించుకుపోతుంది. ఊనిక ఆ అక్షరం మీద నుంచి జరిగిపోయింది కాబట్టి అది చిన్నబోయింది. ‘ప్రొనౌన్సియేషన్’ అనే తప్పు పెద్ద చదువులు చదివినవాళ్ళ నోట కూడా వింటుంటాను.

రూపం ఏమీ మారనివి చాలా ఉన్నాయి: హెల్ప్, వర్క్, స్లీప్, రిప్లై, సప్లై. మనకూ నవ్వు, తిట్టు, మొక్కు ఉన్నాయి. వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడితే రోజంతా వినిపించే ‘తరుగు’ కూడా ఇదే రకం, క్రియా అదే, నామవాచకమూ అదే. రిప్లై మారదు కానీ అప్లై మాత్రం అప్లికేషన్ అవుతుంది. అందుకే ‘ప్లై’ చూసి తొందరపడొద్దు. వీటిలో కొన్నింటికి అక్షరాలు మారకపోయినా ఊనిక మారుతుంది. రికార్డ్, పర్మిట్, ఇంపోర్ట్, ప్రెజెంట్‌లను మొదట్లో బరువు పెట్టి పలికితే నామవాచకాలు, చివర పెట్టి పలికితే క్రియలు. తెలుగులో ఊనిక మారితే పదం అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. దీన్ని రాసి చూపించడం కష్టం, పలికి వినిపించాల్సిందే. రిఫ్యూజ్ దగ్గర జాగ్రత్త అవసరం. దాన్ని అలాగే నామవాచకంగా వాడితే, మొదట్లో బరువు పడి ‘రెఫ్యూస్’ అయి, అర్థం చెత్త అవుతుంది. కాదనడం కావాలంటే రిఫ్యూజల్ అనాలి.

ఒకే క్రియకు రెండు నామవాచకాలు ఉంటే పిల్లలు విసుక్కుంటారు. అటెండ్‌కు హాజరు అర్థంలో అటెండెన్స్, ధ్యాస అర్థంలో అటెన్షన్. అబ్జర్వ్‌కు గమనింపు అర్థంలో అబ్జర్వేషన్, ఆచారం పాటింపు అర్థంలో అబ్జర్వెన్స్. ప్రొడ్యూస్‌కు ప్రొడక్షన్, ప్రొడక్ట్ రెండూ ఉన్నాయి, ఒకటి పని, ఇంకొకటి ఆ పని నుంచి వచ్చిన వస్తువు. మన కొలుచు అనే మాట నుంచి కొలత వచ్చింది, కొలువూ వచ్చింది. వాటిని మనం ఎన్నడూ తారుమారు చేయలేదు, ఎందుకంటే అవి జాబితాలో నేర్చుకున్నవి కావు, వాక్యాల్లో విన్నవి.

అందుకే నేను ఇప్పుడు ఏ టు జెడ్ క్రమంలో పట్టికలు రాయించడం మానేశాను. ఆ క్రమంలో అడ్మిట్ ఒక పేజీలో, పర్మిట్ పది పేజీల తర్వాత వస్తాయి, చుట్టరికం తెగిపోతుంది. ఒక్కో కుటుంబాన్ని ఒక్కో పేజీలో రాయిస్తున్నాను. ప్రతి జతకూ పిల్లలు తమ ఊరి సంగతితో ఒక వాక్యం రాయాలి. నల్లగొండ స్టేషన్‌లో బండి అరైవల్, డిపార్చర్ అని ఒకరు రాశారు. పక్కన ‘రాక, పోక’ అని తెలుగులో కూడా రాసుకున్నారు. కమ్, గో అనే సొంత క్రియలకు ఇంగ్లిష్‌లో రాక, పోక లాంటి నామవాచకాలు స్థిరపడలేదని, కమింగ్, గోయింగ్‌తో సర్దుకోవాలని, అందుకే స్టేషన్ బోర్డు మీద ఫ్రెంచ్ దారిలో వచ్చిన పదాలు ఉన్నాయని చెప్తే ఆ పిల్లవాడు చాలాసేపు ఆ రెండు తెలుగు మాటల వైపే చూశాడు.

రిసీవల్ అమ్మాయి వారం తర్వాత మళ్ళీ లేచింది. గివ్‌కు గిఫ్ట్ అయితే ఫర్‌గివ్‌కు ‘ఫర్‌గిఫ్ట్’ కావాలి కదా, ఫర్‌గివ్‌నెస్ ఎట్లయింది, ‘నెస్’ గుణాలకు కదా తగిలేది, కైండ్‌నెస్, డార్క్‌నెస్ లాగా, అని అడిగింది. ఈసారి నా దగ్గర జవాబు ఉంది. పాత ఇంగ్లిష్‌లో అది ‘ఫర్‌గివ్’కు తగిలిన ‘నెస్’ కాదు, క్షమించబడిన అనే అర్థమున్న ‘ఫర్‌గివెన్’కు తగిలింది. ఫర్‌గివెన్, నెస్ అని రెండు ‘ఎన్’లు ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. పలకగా పలకగా ఒకటి అరిగిపోయింది. ఆ అమ్మాయి నోటుబుక్కులో ముందు రెండు ‘ఎన్’లతో రాసింది, ఒకదాన్ని పెన్సిల్‌తో కొట్టేసింది, చెరపలేదు.